తెల్లకణాల మీద లేని రిసెప్టర్

యాంటీబాడీ అంటే ఒక ప్రొటీన్‌ని వెతికి అతుక్కునే ఇంకో ప్రొటీన్; కణాల మీద ఏముందో చూడ్డానికి ల్యాబులు దాన్ని కొంటాయి. దాని సీసా మీద 'రీకాంబినెంట్ మోనోక్లోనల్' (తెలిసిన జీన్‌తో చేసిన, ఒకే రకం) అని ఉంటే చాలా, అమ్మే కంపెనీ ఆ యాంటీబాడీ సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరుస) కూడా బయటపెట్టాలా? ల్యాబుల్లో మళ్లీ ఇదే గొడవ. ఒకే రకం యాంటీబాడీ తయారుచేసే కణాలను పెంచే హైబ్రిడోమా పద్ధతి 1975 నాటిది, దానికి నోబెల్ కూడా వచ్చింది, ఆ కథ అందరికీ తెలిసిందే. ఈ తగువు అర్థం కావాలంటే మాత్రం 2010కి వెళ్లాలి.

అప్పట్లో చాలామంది చూపు సీఎక్స్‌సీఆర్7 అనే కీమోకైన్ రిసెప్టర్ మీదే. కీమోకైన్లంటే కణాలను పిలిచే సంకేత ప్రొటీన్లు, వాటిని అందుకునే కణం పైనున్న ప్రొటీనే రిసెప్టర్. ఇప్పుడు దాన్ని ఏసీకేఆర్3 అంటున్నారు. మనిషి రక్తంలోని తెల్లకణాల మీద అది ఉందని కొన్ని పేపర్లు, లేదని కొన్ని. రుజువు, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వాటి వెలుగు కొలిచే ఫ్లో సైటోమీటర్ గ్రాఫే. మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీ కలిపిన కణాల గుట్ట కంట్రోల్ (పోలిక కోసం పెట్టినది) కంటే కుడివైపుకి జరిగితే రిసెప్టర్ ఉన్నట్టు లెక్క. అసలు రిసెప్టర్‌కే అతుక్కుందా, పక్కనున్న ఇంకోదానికా అన్నది గ్రాఫ్ చెప్పదు.

కాలిఫోర్నియాలోని కీమోసెంట్రిక్స్ పరిశోధకులు ఒక్క యాంటీబాడీని నమ్ముకోలేదు. రకరకాల యాంటీబాడీలు వాడారు, రిసెప్టర్‌కి అతుక్కునే సీఎక్స్‌సీఎల్12 అనే కీమోకైన్‌తో విడిగా పరీక్షించారు, ఆ రిసెప్టర్ జీన్ లేని ఎలుకలను కంట్రోల్‌గా పెట్టారు. మనిషి రక్తంలోని టీ, బీ, ఎన్‌కే, మోనోసైట్ అనే తెల్లకణాల మీద ఆ ప్రొటీన్ లేదని తేల్చారు. అప్పట్లో ఇదే రిసెప్టర్ మీద మందు చేస్తున్న కంపెనీ కదా అని అనుమానించొచ్చు. కానీ జీన్ లేని ఎలుకకి ఏ కంపెనీతోనూ పనిలేదు: దాని కణాల్లోనూ గుట్ట కదిలితే తప్పు యాంటీబాడీదే.

ఇలాంటి రిసెప్టర్లతో చిక్కేమిటంటే, అవి కణం పొరని ఏడుసార్లు కుట్టినట్టు ఉంటాయి. బయటికి కనిపించేది ఒక తోక, మూడు చిన్న లూపులు. పొరలోంచి తీస్తే ఆకారం చెడుతుంది. యాంటీబాడీకి దొరికే చోటే తక్కువ.

పైగా 'మోనో' అన్న మాట కూడా గట్టిది కాదని 2018లో తేలింది. 185 హైబ్రిడోమాలు పరీక్షిస్తే వాటిలో 59, అసలు యాంటీబాడీలో లేని అదనపు ప్రొటీన్ చైన్లను కూడా తయారుచేస్తున్నాయి. సీక్వెన్స్ తెలిసిన జీన్‌ని కణంలో పెట్టి చేసే రీకాంబినెంట్‌కి ఆ బెడద లేదు, లాట్ (తయారీ విడత) మారినా సరుకు మారదు. అందుకే 2015లోనే బ్రాడ్‌బరీ, ప్లుక్‌థున్ అనే యాంటీబాడీ పరిశోధకులు వందమందికి పైగా శాస్త్రవేత్తల మద్దతుతో 'నేచర్'లో ఇదే అడిగారు: సీక్వెన్స్ తెలిసినవే వాడదాం.

సీక్వెన్స్ ఇస్తే పోటీవాళ్లు కాపీ కొడతారన్నది కంపెనీల వాదన.

2023లో 65 ప్రొటీన్ల కోసం అమ్మే 614 యాంటీబాడీలను, జీన్ తీసేసిన కణాలను పోలికగా పెట్టి పరీక్షించారు. రీకాంబినెంట్లే మెరుగు, అయితే వాటిలోనూ ఫెయిలైనవి ఉన్నాయి. సీసా మీది మాట చాలదని, సీక్వెన్స్ కావాలని కొనేవాళ్లు పట్టుబట్టేది అందుకే. 100 మైక్రోలీటర్ల గొట్టంతో వచ్చే డేటాషీట్‌లో తరచూ ఉండేది, రిసెప్టర్‌ని కావాలని కుప్పలుగా తయారుచేయించిన కణాల గ్రాఫ్. అక్కడ గుట్ట చక్కగా కుడికి జరుగుతుంది. రోగి రక్తం అలా ఉండదు.