పోలీస్ చీఫ్ మేయర్ పదవికి పోటీ చేస్తే: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఓ నగర పాలక సంస్థ బడ్జెట్ విభాగంలో పనిచేస్తున్నాను. ఏటా పోలీసు శాఖ పద్దు మా బల్ల మీదకొస్తుంది, దాని వెనకాలే చీఫ్ కూడా వస్తారు. మాజీ చీఫ్ ఎవరైనా ఎన్నికల్లో నిలబడితే చాలు, చుట్టూ ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: చీఫ్‌గా ఉన్నంతకాలం రాజకీయాలు అంటవు.

అక్కడ చీఫ్ నగర ఉద్యోగి. మన కమిషనర్‌లా రాష్ట్ర ప్రభుత్వం వేసిన అధికారి కాదు. చాలాచోట్ల మేయరో, నగర పాలన నడపడానికి కౌన్సిల్ పెట్టుకున్న సిటీ మేనేజరో నియమిస్తారు, పొసగకపోతే పంపించేస్తారు. లాస్ ఏంజెలెస్‌లో చీఫ్ పదవిని ఐదేళ్ళ చొప్పున రెండు విడతలకే పరిమితం చేస్తూ 1992లో ఓటర్లు నగర చార్టర్‌ను, అంటే నగర పాలన మూల నియమావళిని, మార్చారు. 1997లో చీఫ్ అయిన బెర్నార్డ్ పార్క్స్ 2002లో రెండో విడత అడిగితే మేయర్ జేమ్స్ హాన్ వద్దన్నారు. మేయర్ నియమించిన సభ్యులతో నడిచే పోలీస్ కమిషన్ కూడా కాదంది. మరుసటి ఏడాదే పార్క్స్ సిటీ కౌన్సిల్‌కు గెలిచారు. 2005లో హాన్ మీదే మేయర్ పదవికి పోటీ చేసి, తొలి రౌండ్‌లో ఓడి, హాన్ ప్రత్యర్థి విల్లరైగోసాకు మద్దతిచ్చారు. హాన్ ఓడిపోయారు. ఇందులో రాజకీయం ఎక్కడ మొదలైందో మీరే చెప్పండి.

అపోహ: ఆజ్ఞాపించడం అలవాటైనవాళ్ళు నగరాన్ని గాడిన పెడతారు.

నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. శాఖలో చీఫ్ మాట కింది దాకా ఉత్తర్వుగా వెళ్తుంది. మేయర్ మాట కౌన్సిల్‌లో ఓట్లు పడితేగానీ కదలదు. చీఫ్‌గా ఓవర్‌టైమ్‌కి ఇంకా డబ్బు కావాలని మా మీద గట్టిగా పట్టుబట్టిన మనిషే, మేయర్ కుర్చీలో ఆ లెక్కకు కోత పెట్టాలి. జీతాలు, పింఛన్ల బేరంలో నిన్నటి సిబ్బంది యూనియన్ ఎదుటి పక్షమవుతుంది. ఇది చాలామందికి మింగుడుపడదు. పార్క్స్ కౌన్సిల్‌లో బడ్జెట్ కమిటీకి అధ్యక్షుడిగా చేశారు. 2008లో కౌంటీ సూపర్‌వైజర్ (కౌంటీని, అంటే జిల్లా లాంటి ప్రాంతాన్ని, పాలించే మండలిలో సభ్యుడు) పదవికి పోటీపడితే కార్మిక సంఘాలు ప్రత్యర్థి వైపే నిలిచాయి.

అపోహ: పోలీసు పేరుంటే గెలుపు ఖాయం.

ఒకటి రెండుసార్లు పనికొస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో మాజీ చీఫ్ ఫ్రాంక్ జోర్డన్ 1991లో పదవిలో ఉన్న మేయర్‌నే ఓడించారు. 1995లో శాసనసభ రాజకీయాల్లో తలపండిన విల్లీ బ్రౌన్ చేతిలో ఓడారు. ఫిలడెల్ఫియా మాజీ పోలీస్ కమిషనర్ (అక్కడ చీఫ్‌ని అలాగే పిలుస్తారు) ఫ్రాంక్ రిజో 1972 నుంచి రెండు విడతలు మేయర్. మూడోసారి నిలబడేలా చార్టర్ మారుద్దామంటే 1978లో జనం తిరస్కరించారు. 1983లో, 1987లో మళ్ళీ ప్రయత్నించి ఓడారు.

అపోహ: వాళ్ళకి శాంతిభద్రతలు తప్ప ఇంకేమీ పట్టవు.

లీ బ్రౌన్‌ని చూడండి. నేరశాస్త్రంలో డాక్టరేట్. అట్లాంటాలో ప్రజాభద్రతా కమిషనర్, హ్యూస్టన్‌లో చీఫ్, న్యూయార్క్‌లో కమిషనర్, ఆపైన క్లింటన్ ప్రభుత్వంలో మాదకద్రవ్యాల విధానానికి సారథి. 1998 నుంచి 2004 దాకా, రెండేళ్ళ చొప్పున మూడు విడతలు హ్యూస్టన్ మేయర్. ఆయన పట్టుదలగా నిలబెట్టిన లైట్ రైలు 2004 జనవరి 1న, పదవీకాలం ముగిసే ముందు పట్టాలెక్కింది.