అమరోనే: కిస్‌మిస్ వైనూ కాదు, తీపి వైనూ కాదు

ఇటలీలో వెరోనా నగరానికి ఉత్తరాన, గార్డా సరస్సుకీ లెస్సీనీ కొండలకీ మధ్య ఉన్న లోయల ప్రాంతం వల్పోలిచెల్లా. అమరోనే అనే రెడ్ వైన్ అక్కడిదే. వైన్ సర్వీసులో ఉన్న నాకు, టేబుల్ దగ్గర దీని గురించి వినిపించినన్ని అపోహలు ఇంకే రెడ్ వైన్ గురించీ వినిపించవు. గ్లాసులో ఆ చిక్కదనం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియక పుట్టినవే చాలావరకు. ఆ చిక్కదనంలో ఎక్కువ భాగం ద్రాక్ష పీపా దాకా రాకముందే, అటక మీదే తయారవుతుంది.

అపోహ: కిస్‌మిస్ నానబెట్టి, పైన చక్కెర కలిపి చేస్తారు.

వాస్తవం: కిస్‌మిస్ కాదు. బయటి చక్కెరా కాదు, వైన్‌లో చక్కెర కలపడం ఇటలీలో నిషేధం. కొర్వీనా, కొర్వినోనే, రొండినెల్లా అనే స్థానిక రకాలను సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో చేత్తో కోస్తారు. అన్ని గుత్తులూ పనికిరావు. పండుకీ పండుకీ మధ్య గాలి ఆడేలా వదులుగా ఉన్నవే ఏరుతారు, ఎందుకంటే బిగుతుగా ఉన్న గుత్తి లోపల ఒక్క పండు కుళ్లినా గుత్తంతా పోతుంది. వాటిని తక్కువ లోతున్న ట్రేలలో ఒకే వరసగా, ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చి, గాలి బాగా వచ్చే అటకల్లో పెడతారు. ఆ అటకల్ని అక్కడ ఫ్రుత్తాయో అంటారు. పూర్వం వెదురు తడికల మీద పరిచేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ ట్రేలు. మనం వడియాలు పెట్టినట్టు ఎండలో పెట్టరు. నీడలో, చలిగాలికి, నెలల తరబడి ఆరాలి. పొగమంచు పట్టిన రోజుల్లో కిటికీలు మూసేసి ఫ్యాన్లు వేస్తారు. బూజు పట్టిన పండ్లని ఎప్పటికప్పుడు ఏరి పారేస్తారు. ఆ అటక పని ఎంత జాగ్రత్తగా జరిగిందో రుచిలో తెలిసిపోతుంది.

నిబంధన ప్రకారం మామూలుగా డిసెంబర్ 1కి ముందు ద్రాక్షను నలపకూడదు. అప్పటికి బరువులో మూడో వంతో, ఇంకా ఎక్కువో నీరుగా పోయి ఉంటుంది. 100 కిలోల తాజా ద్రాక్షకు 40 లీటర్లకు మించి వైన్ రాకూడదు. మామూలు రెడ్ వైన్‌కైతే అదే ద్రాక్షకు 70 లీటర్ల దాకా వస్తుంది. ధర ఎందుకంత అని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ లెక్కే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తీగ నుంచి తెగినా ద్రాక్ష వెంటనే చచ్చిపోదు. ఆరుతున్నంత కాలం దాని లోపల మార్పులు జరుగుతూనే ఉంటాయి. పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం తగ్గుతుంది, కొన్ని కొత్త పదార్థాలు పుడతాయి. అందుకే నీరు పోయి చిక్కబడ్డ రసం అంటే సరిపోదు, తాజా ద్రాక్షలో లేని రుచులు ఇందులో ఉంటాయి.

అపోహ: అయితే తియ్యగానే ఉండాలి కదా?

వాస్తవం: "బాబూ, ఇది స్వీట్ వైనే కదా?" అని పెద్దవాళ్లు నమ్మకంగా అడుగుతారు. కాదండీ. అదే ఆరిన ద్రాక్షతో చేసే తీపి వైన్ వేరే ఉంది, పేరు రెచోతో. అందులో పులియడాన్ని మధ్యలో ఆపేస్తారు కాబట్టి తీపి మిగులుతుంది. అమరోనేలో చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్‌గా మారేదాకా పులియనిస్తారు. చలికాలం కాబట్టి ఆ పని నెమ్మదిగా, ఒక్కోసారి నెల దాటి సాగుతుంది. లీటరుకు కొన్ని గ్రాముల చక్కెర మిగలొచ్చు గానీ, నోటికి తీపిగా అనిపించేది ఎక్కువగా పండు వాసన, ఆల్కహాల్, పులిసేటప్పుడు పుట్టే చిక్కటి గ్లిసరాల్ కలిసి చేసే మాయ.

అపోహ: రోమన్ల కాలం నాటి వైన్ ఇది.

వాస్తవం: సగం నిజం. ద్రాక్షను ఆరబెట్టి వైన్ చేసే పద్ధతి పాతదే. 6వ శతాబ్దంలో ఇటలీని ఏలిన థియొడొరిక్ రాజు మంత్రి కాసియొడొరస్ వెరోనా ప్రాంతపు అలాంటి వైన్‌ను మెచ్చుకుంటూ రాశాడు, కానీ అది తీపిది. తీపి లేని అమరోనే 20వ శతాబ్దపు సరుకు. 1936లో నెగ్రార్ సహకార సంఘం సెల్లార్లో ఎవరో మరిచిపోయిన రెచోతో పీపా పూర్తిగా పులిసిపోయి ఇది పుట్టిందని అక్కడ చెప్పుకునే కథ. మార్కెట్లోకి ఒక మోస్తరుగా వచ్చింది 1950ల్లో. ఏ ప్రాంతపు వైన్‌ను ఎలా చేయాలో చట్టం నిర్ణయించే డీఓసీ హోదా 1968లో, అంతకన్నా పై మెట్టయిన డీఓసీజీ 2010 పంట నుంచి వచ్చాయి. "వేల ఏళ్ల వారసత్వం" అని లేబుల్ వెనక కనిపిస్తే నవ్వుకుని వదిలేయండి.

అపోహ: ఎంత పాతదైతే అంత గొప్ప.

వాస్తవం: బాగా చేసిన అమరోనే 20 ఏళ్లు దాటి కూడా నిలుస్తుంది, నిజమే. మామూలు అమరోనేను కనీసం రెండేళ్లు, రిజర్వా అని లేబుల్ వేసేదాన్ని నాలుగేళ్లు ఆపాకే అమ్మాలి. క్వింతరెల్లి లాంటి సంప్రదాయవాదులు పెద్ద ఓక్ పీపాల్లోనే ఏడేళ్ల దాకా ఉంచుతారు. కానీ సూపర్ మార్కెట్లో దొరికే ప్రతి సీసా అంతకాలం ఆగడానికి చేసింది కాదు. నా సలహా, మామూలు సీసాను పంట నుంచి పదేళ్ల లోపు తాగేయండి. సంవత్సరం కూడా చూసుకోవాలి. 2014లో వానలు ఎంత దెబ్బ కొట్టాయంటే, కొందరు పేరున్నవాళ్లు ఆ ఏడాది అమరోనేనే చేయలేదు.

ఇక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో షోకేసులో పెట్టి "పాతబడనిద్దాం" అనుకుంటే మాత్రం రెండు మూడు వేసవులు దాటేసరికి ఉడికిపోయినట్టవుతుంది. 12–14 డిగ్రీల చోటు లేకపోతే, కొన్న ఏడాదిలోనే తెరవండి.

అపోహ: రిపాస్సో అంటే చవక అమరోనే.

వాస్తవం: అది వేరే వైన్. తాజా ద్రాక్షతో చేసే, వల్పోలిచెల్లా అనే పేరుతోనే వచ్చే మామూలు వైన్‌ను, అమరోనే తీశాక మిగిలిన తొక్కల మీద మళ్లీ పులియబెడతారు. రోజువారీ భోజనానికి నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

అపోహ: ఘాటైన వైన్, ఘాటైన మటన్ వేపుడుకి సరైన జోడీ.

వాస్తవం: దీనికి మాత్రం నేను గట్టిగా అడ్డుపడతాను. అమరోనేలో ఆల్కహాల్ కనీసం 14 శాతం, చాలా సీసాల్లో 15–16. ఆల్కహాల్ మిర్చి మంటను పెంచుతుంది. గుంటూరు కారం పడ్డ వేపుడుతో తాగితే నోరు మండటమే తప్ప వైన్ రుచి తెలియదు. వెరోనాలో దీన్ని, ఈ వైన్‌తోనే వండిన రిసొత్తో అనే అన్నం వంటకం, గంటల తరబడి ఉడికించిన మాంసం, ముదిరిన మోంతే వెరొనేజే చీజ్‌తో తీసుకుంటారు. మన వంటల్లో కావాలంటే కారం తగ్గించి, మిరియాలతో నెమ్మదిగా ఉడికించిన మటన్ పరవాలేదు.

అపోహ: రెడ్ వైన్ గుండెకు మంచిది, ఇంత చిక్కటిది ఇంకా మంచిది.

వాస్తవం: ఆరోగ్యానికి సురక్షితం అనదగ్గ ఆల్కహాల్ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. 16 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో స్వచ్ఛమైన ఆల్కహాల్ 120 మిల్లీలీటర్లు, 12.5 శాతం వైన్‌లో 94. అందుకే గ్లాసులు చిన్నగా పోస్తాను.

అపోహ: రెడ్ వైన్‌ను రూమ్ టెంపరేచర్‌లోనే ఇవ్వాలి.

వాస్తవం: ఆ రూమ్ యూరప్‌ది. మన గదిలో 30 డిగ్రీలుంటే ఈ వైన్‌లో ఆల్కహాల్ వాసన తప్ప ఇంకేం రాదు. తెరిచే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, 18 డిగ్రీల దగ్గర పోయండి. అడుగున మడ్డి ఉంటే పాడైందని కాదు, సీసాను ముందు రోజే నిలబెట్టి, జాగ్రత్తగా వంచితే అడుగునే ఆగిపోతుంది. మిగిలినదానికి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది.