సీడా, ఫీడా? మేత పురుగుల వెనకున్న పాత గొడవ

భీమవరం వైపు రొయ్యల రైతుల్ని ఎవర్ని కదిపినా రెండే మాటలు, సీడు, ఫీడు. పంట దెబ్బతింటే సీడు బాలేదని ఒకరంటారు, ఫీడు బాలేదని ఇంకొకరు. చేపల మేతలో, కోళ్ల దాణాలో చేపపొడికి బదులు వాడదామంటున్న బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్ల పురుగు దగ్గర కూడా ఇదే గొడవ (పొట్టిగా బీఎస్ఎఫ్ అంటారు, సరిహద్దు జవాన్లతో ఏ సంబంధమూ లేదు). కాకపోతే ఇక్కడ చాలా ఏళ్లు అందరూ ఫీడు గురించే మాట్లాడారు, సీడు, అంటే ఆ ఈగ ఏ రకానిదన్న సంగతి, ఎవరికీ పట్టలేదు.

ఎందుకంటే మొదట్లో సీడు అనేదే లేదు. అమెరికాలోని జార్జియాలో క్రెయిగ్ షెపర్డ్, ల్యారీ న్యూటన్ లాంటి శాస్త్రవేత్తలు 1970ల నుంచి దీని మీద పనిచేశారు. కోళ్ల షెడ్ల కింద పెంట మీదికి ఈగలు వాటంతటవే వచ్చి గుడ్లు పెట్టేవి, పురుగులు ఆ పెంటను దాదాపు సగానికి తగ్గించేవి, ఎండబెట్టిన పురుగుల్ని 1977 నాటికే పందులకు పెట్టి చూశారు. చుట్టుపక్కల ఏ ఈగ ఉంటే అదే రకం, అంతే. ఎండ తగలందే సరిగ్గా జతకట్టని ఈగ కావడంతో దీన్ని లోపల పెంచడం పెద్ద చిక్కు. 2002లో షెపర్డ్ బృందం గ్రీన్‌హౌస్‌లో తరాల తరబడి పెంచే పద్ధతి ప్రచురించాక ఈగ చేతికి చిక్కింది, ల్యాబుల మధ్య, దేశాల మధ్య చేతులు మారింది. అసలు సంగతి 2021లో గానీ బయటపడలేదు. 57 దేశాల నుంచి 150 గుంపుల జన్యువులు పోల్చి చూస్తే, ఫారాల్లో పెరుగుతున్నవాటిలో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఒకే వంశానివి. ఈగ పుట్టిల్లేమో దక్షిణ అమెరికా, అక్కడున్న వైవిధ్యంలో ఫారాలకు చేరింది పిడికెడే.

ఫీడు వైపు మాత్రం పని బాగానే జరిగింది. 2017లో బెల్జియంలో కోళ్ల దాణా, కూరగాయల వ్యర్థం, హోటల్ మిగులు, బయోగ్యాస్ ప్లాంటు మడ్డి మీద విడివిడిగా పెంచి చూశారు. ప్రోటీన్ పెద్దగా మారలేదు, ఎండు బరువులో 40 నుంచి 43 శాతం. కొవ్వు మాత్రం మడ్డి తిన్నవాటిలో 22, మిగతావాటిలో 34 నుంచి 39 శాతం. దాంతో ఏం పెడితే అదే పురుగు అన్న మాట స్థిరపడిపోయింది. అబద్ధమేం కాదు, సగం నిజం. చేపల వ్యర్థం పెడితే ఒక్క రోజులోనే ఒమేగా-3 దాని ఒంట్లో కనిపిస్తుంది, కానీ కొబ్బరినూనెలో ఉండే లారిక్ ఆమ్లం మేతలో లేకపోయినా పురుగు తనే తయారుచేసుకుంటుంది. అది తిండితో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది.

2013లో చైనాలోని వుహాన్, గ్వాంగ్‌జౌ, అమెరికాలోని టెక్సాస్ రకాలను పంది, ఆవు, కోడి పెంటల మీద పోటీకి పెడితే వుహాన్ రకం ముందుంది. 2022లో స్విట్జర్లాండ్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి నాలుగు రకాలను, పోషకాల్లో బాగా తేడా ఉన్న మూడు మేతల మీద పెంచారు. రకం ప్రభావం ఉంది, మేత ప్రభావం ఉంది, వాటికి తోడు ఏ రకం ఎంత బాగా పెరుగుతుందనేది మేతను బట్టి మారిపోయింది. పెరుగుదలే కాదు, ఒంట్లో ప్రోటీన్, కొవ్వు పాళ్లు కూడా.

హిందూపురం, మదనపల్లె పట్టు రైతులకు ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు. బైవోల్టిన్ అనే మేలిరకం పట్టుపురుగుకి మంచి మల్బరీ ఆకు, గదిలో అదుపులో ఉండే వేడి, తేమ కావాలి, అవి లేనిచోట క్రాస్ బ్రీడ్ (సంకర రకం) తక్కువ పట్టు ఇచ్చినా తట్టుకుని నిలబడుతుంది. పట్టుపురుగుకి వేల ఏళ్ల పెంపకం ఉంది, ఈ ఈగ మన చేతికి వచ్చింది నిన్నగాక మొన్న.

ఇప్పుడు టెన్షన్ ఎక్కడంటే, యూరప్ 2017లో చేపల మేతకు, 2021లో కోళ్లకు, పందులకు పురుగు ప్రోటీన్ ఒప్పుకుంది గానీ ఆ పురుగులకు పెంట, హోటల్ ఎంగిలి పెట్టనివ్వదు. పశువుల మాంసం, ఎముకల పొడిని ఆవులకే మేపడంతో పాకిన మ్యాడ్ కౌ జబ్బు చూసినవాళ్ల భయం, తప్పనలేం. అందుకని అక్కడివాళ్లు తవుడు, ధాన్యపు మిగులు, కూరగాయల తొక్కల మీద పెంచి, వాటి మీద బాగా ఎదిగినవాటినే తర్వాతి తరానికి ఉంచుకుంటారు. తరానికి నెలన్నర చాలు కాబట్టి ఎంపిక చకచకా సాగుతుంది, గుంపు చిన్నదైతే రక్తసంబంధపు జతలూ అంతే చకచకా పెరుగుతాయి. అలా తవుడు మీద గెలిచిన రకం మన మార్కెట్ యార్డులో కుళ్లిన టమాటాల మీద కూడా గెలుస్తుందా? గ్రాము గుడ్లు ఎంత అని బేరమాడేవాళ్లు కనిపిస్తారు గానీ, ఆ గుడ్ల తల్లులు ఏం తిని పెరిగాయని అడిగినవాళ్లను నేనింకా చూడలేదు.