ఈ అలుపు కొత్తదా?

పక్క మీద దుప్పటి పరచడానికి ఎంత ఓపిక కావాలి? గుండెపోటు నుంచి బయటపడ్డ కొందరు అమెరికా ఆడవాళ్లు చెప్పిన మాట ఇది: జబ్బు బయటపడటానికి కొన్ని వారాల ముందు, దుప్పటి సర్దడం పూర్తయ్యేలోపే మధ్యలో ఒకసారి కూర్చోవాల్సి వచ్చేదట. రాత్రంతా పడుకుని లేచాక కూడా అంతే. ఆ మాటను శ్రద్ధగా విని, రాసుకుని, లెక్క తేల్చిన మనిషి డాక్టరు కాదు, నర్సు.

ఆమె పేరు జీన్ మెక్‌స్వీనీ. అప్పట్లో ఆర్కాన్సా వైద్య విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ప్రొఫెసర్. ఆమె పద్ధతి చాలా మామూలుగా అనిపిస్తుంది. గుండెపోటు వచ్చి కోలుకున్న ఆడవాళ్లను కలిసి, అంతకుముందు ఒంట్లో ఎలా ఉండేదో మొదటి నుంచీ చెప్పమని అడిగారు. ముందు 40 మందితో మొదలుపెట్టారు. తర్వాత పెద్ద అధ్యయనంలో 515 మందిని, వాళ్లు ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన నాలుగు నుంచి ఆరు నెలలకు, వివరంగా ప్రశ్నించారు. 2003లో ‘సర్క్యులేషన్’ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి.

వాళ్లలో 95 శాతం మందికి గుండెపోటుకు ముందే ఏదో ఒక కొత్త లక్షణం ఉంది. చాలామందికి నెల పైగానే ఉంది. 70.7 శాతం మంది ఎన్నడూ లేని అలసట అన్నారు. 47.8 శాతం మందికి నిద్ర చెడింది, 42.1 శాతం మందికి ఆయాసం. ముందుగా ఛాతీలో ఇబ్బంది తెలిసినవాళ్లు 29.7 శాతమే. అసలు గుండెపోటు వచ్చిన సమయంలో కూడా 43 శాతం మందికి ఛాతీ నొప్పి లేదు. ఈ చివరి అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘ఛాతీలో నొప్పి ఉందా?’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటే, వీళ్లంతా ‘లేదండీ’ అనే చెప్పి ఉండేవాళ్లు. అది అబద్ధమూ కాదు.

ఆ ప్రశ్నే అంత ముఖ్యం ఎందుకైందో తెలియాలంటే 18వ శతాబ్దపు లండన్‌కు వెళ్లాలి. గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే ఛాతీ నొప్పిని మొదటిసారి స్పష్టంగా వర్ణించిన వైద్యుడు విలియం హెబర్డెన్. తాను చూసిన సుమారు వంద మంది రోగుల్లో ఆడవాళ్లు ముగ్గురేనని ఆయనే రాసుకున్నాడు. ఆయన చూసింది చూసినట్టే రాశాడు, అందులో తప్పు లేదు. కానీ ఆ తర్వాత చాలా కాలం గుండె పరిశోధనలన్నీ ఎక్కువగా మగవాళ్ల మీదే జరిగాయి. వాళ్లు చెప్పిన లక్షణాలు పాఠ్యపుస్తకం అయ్యాయి, మిగతావన్నీ ‘విలక్షణం’ అనే గంపలో పడ్డాయి.

గుండెలో ఇబ్బంది భుజానికీ దవడకీ వీపుకీ ఎందుకు పాకుతుందో మనకు తెలుసు. గుండె నుంచి వచ్చే నరాలూ, చెయ్యి, భుజాల నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో దాదాపు ఒకే చోట చేరతాయి. కబురు ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. అలసట దారి వేరు. గుండె కండరానికి రక్తం చాలకపోతే అది గట్టిగా కొట్టుకోలేదు. మెట్లెక్కేటప్పుడూ బిందె ఎత్తేటప్పుడూ ఒంటికి కావలసినంత రక్తం అందదు. నొప్పి లేకుండానే ఓపిక పోతుంది.

ఈ అధ్యయనానికి పరిమితులున్నాయి. జరిగిపోయినదాన్ని గుర్తు చేసుకుని చెప్పినవే అన్నీ. పోల్చి చూడటానికి మగవాళ్లు లేరు. పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది తెల్లజాతివాళ్లు. ఆ లోటు పూడ్చడానికి మెక్‌స్వీనీ బృందం నల్లజాతి, హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న) మహిళలను కూడా కలుపుకుని 1,270 మందితో మళ్లీ అధ్యయనం చేసింది. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లోనూ అలసటదే మొదటి స్థానం. అయితే ఆడవాళ్లకు గుండెపోటులో ఛాతీ నొప్పే రాదనుకుంటే అది ఇంకో పొరపాటు. వాళ్లలోనూ ఎక్కువమందికి అది వస్తుంది.

మన దగ్గర చిక్కు ఇంకొకటి ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నీరసం అనగానే రక్తం తక్కువనుకోవడంలో ఆశ్చర్యం లేదు. వయసు మళ్లినవాళ్లయితే ఆ నీరసాన్ని వయసు ఖాతాలో వేసేస్తాం.

మా పెద్దమ్మ విషయంలో మేం చేసింది అదే. పొద్దున్నే వాకిట్లో చుక్కలు పెట్టి, వాటిని కలపకుండానే అరుగు మీద చేరగిలబడేది. ‘రాత్రి నిద్ర పట్టలేదే’ అనేది. క్లినిక్‌లో గ్యాస్ మాత్ర, బలానికి టానిక్ ఇచ్చారు. మేమూ సరేననుకున్నాం. మూడు వారాలకు ఓ అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చుంది, 108కి ఫోన్ చేశాం. ఆసుపత్రిలో నొప్పి ఉందా అని ఎవరడిగినా లేదంటోంది. చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్న నర్సు మాత్రం వేరేలా అడిగింది: “అమ్మా, పోయిన నెల చేసుకున్న పని ఏదైనా ఈ నెల చేసుకోలేకపోతున్నారా?”

“ముగ్గు” అంది పెద్దమ్మ.

ఆ ప్రశ్నే మనం ఇంట్లో అడగాలి, ముఖ్యంగా బీపీ, షుగర్ ఉన్న ఆడవాళ్లను. అలసట అందరికీ ఉంటుంది. చూడాల్సింది అది కొత్తదా, కారణం లేకుండా వచ్చిందా, పడుకుని లేచినా పోవడం లేదా అన్నది. డాక్టరు దగ్గర ‘నీరసం’ అన్న ఒక్క మాటతో ఆపకండి, ఏ పని మధ్యలో ఆగిపోతోందో చెప్పండి. దానికి ఆయాసమో, చెమటలు పట్టడమో, దవడ, వీపు లాగడమో తోడైతే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని తేలిపోదు. గుండె కండరం దెబ్బతిందేమో తెలిపే ట్రోపోనిన్ అనే రక్తపరీక్షను కొన్ని గంటల తేడాతో రెండోసారి చేసి చూస్తారు. అప్పటిదాకా ఆమె ‘నాకేం కాలేదు, ఇంటికి పోదాం పదండి’ అన్నా సరే, అక్కడే ఉంచండి.