వేపచెట్టు అట్టను మేక నమిలిన సంగతి

చిరంజీవులు ఎనిమిదో తరగతి పిల్లలకు,

ఒంగోలు నుంచి మీ పాత లెక్కల మాస్టారు ఆశీర్వదించి రాయునది.

మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. బడి గేటు పక్క వేపచెట్టుకు మనం కట్టిన క్యూఆర్ కోడ్ అట్టను మేక ఒక మూల నమిలేసిందనీ, అయినా ఫోను పెడితే వేప గురించి మనం రాసింది కనిపిస్తూనే ఉందనీ రాశారు. అదెట్లా అని అడిగారు.

ముందు కిరాణా కొట్టు చీటీ సంగతి చూడండి. పప్పు 60, బెల్లం 25, నూనె దగ్గర అంకె తడిసి చెరిగిపోయింది, కింద మొత్తం 200. నూనె 115 అని మీరు ఇట్టే చెప్పేస్తారు. కోడ్ కూడా అసలు మాటలతో పాటు ఇలాంటి 'మొత్తాలు' కొన్ని దాచుకుంటుంది. వాటితో పోయిన గళ్లను తిరిగి లెక్కగట్టుకుంటుంది. దీన్ని రీడ్-సాలమన్ పద్ధతి అంటారు. మనం పెట్టుకున్న స్థాయిని బట్టి సుమారు 7 నుంచి 30 శాతం దాకా చెడినా తట్టుకుంటుంది. మనం 30 శాతానిదే పెట్టాం, చెట్టుకు కట్టేది కదా అని.

మేక నమిలింది కింది కుడి మూల కావడం మీ అదృష్టం. మిగతా మూడు మూలల్లో పెద్ద కళ్లలాంటి చదరాలు ఉంటాయి. ఏ వైపు నుంచి చూసినా వాటి నలుపు తెలుపులు 1:1:3:1:1 కొలతలో వస్తాయి. ఫోను ముందు వెతికేది ఆ కళ్లనే. అందులో ఒకటి పోయుంటే చాలా ఫోన్లు అసలు కోడే లేదనుకునేవి. 1994లో జపాన్‌లో కారు విడిభాగాల లెక్క కోసం మసాహిరో హారా బృందం దీన్ని తయారు చేసింది. నల్ల, తెల్ల రాళ్లతో ఆడే గో ఆట చూసి ఆయనకు ఈ గళ్ల ఆలోచన వచ్చిందట. మార్కాపురం పలక మీద గళ్లు గీసుకుని ఆడిన నాకు ఆ ఆలోచన రాలేదు చూడండి!

వేప గురించి మొదట పేజీ నిండా రాశారు, గుర్తుందా? గళ్లు రాగి గింజల్లా చిన్నవైపోయి పాత ఫోన్లు చదవలేకపోయాయి. తప్పు మీది కాదు. కంప్యూటర్ 'అమ్మ'ను అ, మ, పొల్లు, మ అని నాలుగుగా విడగొట్టి, ఒక్కోదానికి మూడేసి బైట్లు (కంప్యూటర్ అక్షరాలు దాచుకునే చోటుకు కొలత) వాడుతుంది. మొత్తం 12. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే నాలుగే. అతి పెద్ద కోడ్‌లో, అదీ చెడితే తట్టుకునే రక్షణను బాగా తగ్గించుకుంటేనే, 2,953 బైట్లు పడతాయి. అందుకే రెండు వాక్యాలకు కుదించాం. నిజం చెప్పాలంటే ఆ రెండు వాక్యాలే పేజీ కన్నా బాగున్నాయి.

మాటలన్నీ కోడ్‌లోనే ఉన్నాయి కాబట్టి చెట్టు దగ్గర నెట్ అక్కర్లేదు. మీ పాఠ్యపుస్తకాల్లో దీక్ష యాప్ కోసం ఇచ్చిన కోడ్‌లు అలా కాదు, అవి పాఠం ఉన్న చోటికి దారి మాత్రమే చూపిస్తాయి. దారి చూపే కోడ్‌తో నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక ఉచిత సైట్‌లో చేసి వరండా అంతా అంటించాను. కొన్ని వారాలకే అన్నీ మూగబోయాయి. కోడ్‌లో ఉన్నది మన చిరునామా కాదు, ఆ సైట్ చిరునామా అనీ, వాళ్లు దారి ఆపేస్తే అంతే అనీ అప్పుడు తెలిసింది.

ఇంకో పొరపాటు కూడా చెబుతాను. తల్లిదండ్రుల సమావేశం నోటీసును కోడ్ ఒక్కటే వేసి ఇంటింటికీ పంపాను. ఒక అవ్వ ఆ కాగితం పట్టుకుని బడికొచ్చి, "అయ్యా, ఈ ముగ్గేంది, దేనికి పంపావు?" అంది. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ తేదీ, టైము పెద్దక్షరాల్లో పైన వేసి, కోడ్‌ను ఒక పక్కన పెట్టాను. మీ వార్షికోత్సవానికీ అలాగే చేయండి. చందాల కోడ్ పెడితే రోజూ ఒకసారి స్కాన్ చేసి, బడి పేరే వస్తోందో లేదో చూసుకోండి. దాని మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటించొచ్చు. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టమంటే మాత్రం ఫోను జేబులో పెట్టేయండి.

వేపకు కొత్త అట్ట కట్టేటప్పుడు మేకకు అందకుండా, ఒకటో తరగతి వాళ్లు చూసేలా ఎత్తు చూసుకోండి. చుట్టూ నాలుగు గళ్లంత తెల్ల అంచు వదలాలి. కానుగచెట్టుకు రాసిన వాక్యాలు ముందు నాకు పంపండి. అచ్చు వేశాక ఒత్తులు దిద్దలేం.

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు