పాత టైల్స్‌కి పెయింట్, స్టెన్సిల్: అపోహలు - వాస్తవాలు

"టైల్స్ మీద పెయింట్ నిలవదండీ, ఆర్నెల్లకే పెచ్చులు లేస్తుంది." పాత ఫ్లాట్లలో పని చూడ్డానికి వెళ్తే మొదట వినపడే మాట ఇదే. నేల టైల్స్‌కి రంగులు, స్టెన్సిల్ డిజైన్లు వెయ్యడం నా పని. ఊడిపోయిన నేలలు నేనూ చాలానే చూశాను. ఎక్కువ చోట్ల తప్పు పెయింట్‌ది కాదు, దాని కింద మిగిలిపోయిన జిడ్డుది.

సిరామిక్ టైల్ పైన ఉండే గ్లేజు గాజులాంటిది. నీటినే పీల్చుకోదు, ఇక పెయింట్‌ని ఏం పట్టుకుంటుంది? అందుకే వేడినీళ్లు, డిటర్జెంట్‌తో రెండుసార్లు కడుగుతాను. వంటింట్లో పొయ్యి ముందు, ఏళ్ల తరబడి తాలింపు నూనె చిందిన చోట మూడోసారి కూడా. ఆరాక 120 నంబరు సాండ్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్మంతా తుడిచి, ఒక నీటిచుక్క వేసి చూస్తాను. చుక్క ముత్యంలా నిలబడితే జిడ్డు ఇంకా ఉన్నట్టే. పలచగా పరుచుకుంటే ప్రైమర్ వెయ్యొచ్చు. గోడల ప్రైమర్ దీనికి పనికిరాదు, టైల్స్‌కి పట్టే బాండింగ్ ప్రైమరే కావాలి.

అపోహ: యాసిడ్ పోసి కడిగితే చాలు.

వాస్తవం: యాసిడ్ తెల్లటి ఉప్పు మరకల్ని తీస్తుంది గానీ నూనె జిడ్డును వదిలించదు. పైగా జాయింట్లలో సిమెంట్‌ని తినేస్తుంది. దాన్ని బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు వేసిన బాత్రూంలో ప్రాణానికే ప్రమాదం.

అపోహ: ఏ నేలకైనా వెయ్యొచ్చు.

వాస్తవం: కడప బండలు, తాండూరు బండలు, మొజాయిక్ ఉన్న ఇంట్లో పెయింట్ అడిగితే వద్దనే చెబుతాను. పాలిష్ పట్టిస్తే వాటి అందం వాటికి తిరిగొస్తుంది. టైల్స్ అయినా ఒక్కొక్కటీ నాణెంతో తట్టి చూస్తాను. డొల్ల శబ్దం వస్తే కింద పట్టు పోయినట్టు, ముందు మేస్త్రీ పని చేయించాలి. బాత్రూంలో రోజూ నీళ్లు నిలిచే చోట నేను వెయ్యను.

అపోహ: స్టెన్సిల్ అంటే పెట్టి రంగు పుయ్యడమే.

వాస్తవం: అంచులు పాడయ్యేది ఇక్కడే. ఫోమ్ రోలర్‌ని రంగులో అద్దాక పాత న్యూస్‌పేపర్ మీద దాదాపు పొడిగా అయ్యేదాకా దొర్లించాలి. రంగు ఎక్కువైతే స్టెన్సిల్ కిందికి పాకుతుంది. ఒక్క మందపాటి కోటు కన్నా రెండు పలచటి కోట్లు మేలు. రంగు తడిగా ఉండగానే స్టెన్సిల్‌ని నిటారుగా పైకెత్తి, వెనకవైపు తుడిచి, తర్వాతి టైల్ మీద పెట్టాలి. కొలత కూడా ముఖ్యం. అడుగు టైల్ అని మనం పిలిచేది చాలాసార్లు 300 మిల్లీమీటర్లే, 12 అంగుళాలంటే దాదాపు 305. ఆ ఐదు మిల్లీమీటర్ల తేడాకే డిజైన్ జాయింట్ మీదికి ఎక్కుతుంది. గుమ్మం నుంచి కాకుండా గది మధ్యలో సుద్ద గీత గీసుకుని మొదలుపెడతాను, అప్పుడు ఎదురెదురు గోడల దగ్గర డిజైన్ ముక్కలు సమానంగా వస్తాయి. చుక్కల ముగ్గు వేసే చేతికి ఈ లెక్క వెంటనే పట్టుబడుతుంది.

అపోహ: చేతికి అంటకపోతే ఆరినట్టే.

వాస్తవం: పైన ఆరడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. పని నేర్చుకునే రోజుల్లో ఒకరింట్లో ఫంక్షన్ ఉందని టెన్షన్ పడి, మూడోరోజే ఫ్రిజ్ పెట్టేయమన్నాను. మళ్లీ జరిపినప్పుడు దాని కాళ్లకింద రంగు నాలుగు బిళ్లల్లా లేచి వచ్చింది. ఆ నాలుగు టైల్స్‌నీ గీకి మొదటినుంచీ వేశాను. ఇప్పుడు తేలిగ్గా నడవడానికి రెండు రోజులు, బరువైన సామాను పెట్టడానికి, తడిగుడ్డ వెయ్యడానికి కనీసం వారం అని ముందే చెబుతాను. వర్షాకాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది.

డిజైన్ ఆరాక దాన్ని కాపాడటానికి పైన రంగులేని క్లియర్ కోటు వెయ్యాలి. ఎండపడే బాల్కనీలో ఎపాక్సీ పైపూత పసుపు రంగుకి తిరుగుతుంది, అక్కడ పీయూ (పాలీయురేథేన్) క్లియర్ కోటు వాడండి. రెండు డబ్బాలు కలిపే రకమైతే దుమ్ము మాస్కు సరిపోదు, ఆవిర్లను ఆపే ఫిల్టర్ మాస్కు పెట్టుకుని కిటికీలు తెరిచి ఉంచాలి.

స్టెన్సిల్‌ని పారేయకండి. మిగిలిన యాక్రిలిక్ రంగును చిన్న సీసాలో నిండుగా పోసి, గట్టిగా మూత పెట్టి దాచండి. కుర్చీ గీత పడ్డ చోట ఆ ఒక్క టైల్ వరకే రుద్ది, డిజైన్ మళ్లీ దిద్ది, పైన క్లియర్ కోటు వేసుకోవచ్చు.