నాలుగు శాతం నార్మల్ ఎలా అయింది?

వీర్య పరీక్ష నార్మల్ అని వచ్చినా, వీర్యకణాల్లోని డీఎన్ఏ ఎంత తెగిందో చూసే డీఎన్ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష కూడా రాస్తున్నారని సంతాన సాఫల్య కేంద్రాల మీద గొడవ మళ్లీ మొదలైంది. కౌంట్ బాగుంటే సరిపోదన్నది డాక్టర్ల మాట. సరిపోనప్పుడు రిపోర్టులో ‘నార్మల్’ అని ఎందుకు రాసినట్టు? దీని మూలం 2010లో ఉంది.

అంతకుముందు మిల్లీలీటరుకు రెండు కోట్ల వీర్యకణాలన్నదే నార్మల్‌కు గీత. 1951లో అమెరికాలో మెక్లౌడ్, గోల్డ్ అనే ఇద్దరు, భార్య గర్భవతి అయిన వెయ్యి మంది మగవాళ్లనూ, పిల్లలు కలగని జంటల్లోని వెయ్యి మందినీ పోల్చి చూశారు. రెండు కోట్లకు తక్కువున్నవాళ్లు మొదటి గుంపులో 5 శాతం, రెండో గుంపులో 16 శాతం. గీతకు కింద ఉండి కూడా తండ్రులయ్యేవాళ్లు ఉన్నారని అప్పుడే తేలిపోయింది. అయినా 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీర్య పరీక్షల మొదటి మాన్యువల్‌కెక్కిన ఆ అంకె 1999 నాటి నాలుగో ఎడిషన్ దాకా కదల్లేదు.

2010లో ఐదో ఎడిషన్ వచ్చి గీత గీసే పద్ధతినే మార్చేసింది. ఏడాదిలోపే భార్య నెల తప్పిన సుమారు 1,900 మంది ఫలితాలను వరుసలో పేర్చి, అడుగు నుంచి 5 శాతం దగ్గర గీత గీశారు. అందులో మనదేశం వాళ్లు లేరు. రెండు కోట్లు కాస్తా కోటిన్నర అయింది. ఆకారం సంగతి ఇంకా విచిత్రం. 1987లో సగం కణాలు బాగుండాలన్నారు, 1992లో 30 శాతం చాలన్నారు, 2010కి అది 4 శాతానికి దిగింది. అంటే ల్యాబ్‌లో రంగు వేసిన స్లైడ్ మీద 200 కణాలు చూస్తే, తల కోడిగుడ్డులా నున్నగా, తోక మెలిక పడకుండా ఉన్నవి 8 దొరికితే చాలు. మిగతా 192 వంకరవైనా నార్మలే. ఆరే దొరికాయా, ‘టెరటోజూస్పెర్మియా’, అంటే కణాల ఆకారం బాగాలేదని అచ్చవుతుంది. ఆ మాట చదివాక ఆ రాత్రి ఎవరికి నిద్ర పడుతుంది?

ఆ గీత తండ్రులైనవాళ్ల వరుసలో చివరి కొస. ప్రతి 20 మంది తండ్రుల్లో ఒకరు దాని కిందే ఉంటారు. పైన ఉన్నంత మాత్రాన పిల్లలు పుడతారన్న హామీ కూడా లేదు. కానీ మన రిపోర్టుల్లో అది పాస్ మార్కై కూర్చుంది. నిన్నటిదాకా ‘తక్కువ’ అనిపించుకున్న కోటీ డెబ్బై లక్షలవాడు రాత్రికి రాత్రి పాసయ్యాడు. ఇంట్లో మాత్రం ఊయల ఊగలేదు. ‘అన్నీ బాగున్నాయి, మరి ఎందుకు కావట్లేదు’ అన్న ఆ సందులోకే, 1980 నుంచీ ఉన్న డీఎన్ఏ పరీక్ష వచ్చి చేరింది.

కౌంట్ బాగున్నా కొందరికి కణాల్లోని డీఎన్ఏ తెగి ఉంటుందని కేంద్రాలు చెబుతాయి. అబద్ధం కాదు. 2021 నాటి ఆరో ఎడిషన్‌లో ఈ పరీక్ష ఉందనీ అంటాయి. ఉంది, కానీ అందరికీ చేసే ప్రాథమిక పరీక్షల్లో కాదు, ఆ తర్వాతి వరుసలో. ఎంత శాతం దాటితే ఎక్కువన్నది ఏ ల్యాబ్‌కు ఆ ల్యాబే తేల్చుకోవాలని కూడా అదే పుస్తకం చెబుతోంది. చేసే పద్ధతులు నాలుగున్నాయి, ఒకదాని అంకె ఇంకొకదానికి పొసగదు. మొదటి విడతలోనే ఈ పరీక్ష వద్దనీ, పదేపదే గర్భం పోతుంటే ఆలోచించవచ్చనీ అమెరికా యూరాలజీ, పునరుత్పత్తి వైద్య సంఘాలు 2020లోనే చెప్పాయి. ముందు ఆ వీర్య పరీక్షే మళ్లీ చేయించాలి. డబ్బా జేబులో పెట్టుకుని ట్రాఫిక్‌లో గంటన్నర బండి మీద తెచ్చిన శాంపిల్‌లో కదలిక తగ్గకపోతేనే ఆశ్చర్యం.

కౌంట్ సున్నా వచ్చినవాళ్ల కథ వేరు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అలాంటి 340 మంది భారతీయుల రక్తం పరీక్షించి, 8.5 శాతం మందిలో, తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే వై క్రోమోజోమ్‌లో కొన్ని ముక్కలు లేవని 2003లో ప్రచురించారు. వీర్యకణాల తయారీకి కావలసిన ఆ ముక్కలను ‘ఏ’, ‘బి’, ‘సి’ భాగాలంటారు. లోపించింది ‘ఏ’ భాగమో ‘బి’ భాగమో పూర్తిగా అయితే, వృషణం కోసి వెతికినా కణం దొరికే ఆశ దాదాపు లేదు. ‘సి’ భాగమైతే దొరకవచ్చు, కానీ ఆ లోపం పుట్టే కొడుక్కీ వెళుతుంది. కత్తి పెట్టకముందే ఇదంతా చెప్పేది ఒక చిన్న రక్త పరీక్ష. ఇప్పటి గొడవలో దాని ఊసెత్తినవాళ్లు లేరు.